అడవిలో ముందు నడిచినవాడు

యాత్రా రచనలను మన విమర్శ సాధారణంగా సాహిత్యం కింద లెక్కించదు. కథకూ నవలకూ వర్తింపజేసే ప్రమాణాలను వాటి దగ్గరికి వచ్చేసరికి పక్కన పెట్టేస్తాం. అందులోనూ అడవుల గురించీ పక్షుల గురించీ రాసినవైతే చెప్పనే అక్కర్లేదు. అవి తీరిక వేళ చదువుకునేవనీ, వాటిలో దృక్పథం కోసం వెదకడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడమేననీ ఒక అభిప్రాయం ఉంది. నాకూ ఉండేది. అది పోవడానికి కారణం ఏ సిద్ధాంత గ్రంథమూ కాదు. ఒక పెద్దాయన అడిగిన ఒక చిన్న ప్రశ్న.

కొన్నేళ్ల కిందట నేను మారేడుమిల్లి అడవుల్లో మూడు రోజులు తిరిగి వచ్చి, ఒక వారపత్రికకు వ్యాసం రాశాను. ట్రోగన్ అనే పిట్టను చూసిన ఘట్టం అందులో ముఖ్యమైనది. మగపిట్టకు తల నల్లగా, పొట్ట ఎర్రగా ఉంటుంది.  కొమ్మ మీద కదలకుండా కూచుంటే కళ్లముందున్నా కనపడదు. నేను దాన్ని ఎలా చూశానో, చూసినప్పుడు నా గుండె ఎలా కొట్టుకుందో ఒక పేజీ రాశాను. మాకు పెద్దదిక్కులాంటి రచయిత ఒకాయన అది చదివి, ‘బాగుందయ్యా. ఇంతకీ ఆ పిట్టను ముందు చూసిందెవరు?’ అని అడిగారు. ‘నేనే గదండీ’ అన్నాను. ఆయన నవ్వి, ‘పదడుగుల దూరంలో ఉన్న బస్సు మీద ఊరి పేరే చదవలేవు గదయ్యా నువ్వు’ అన్నారు.

నిజమే. చూసింది ఒక కొండరెడ్డి యువకుడు. నా భుజం పట్టుకుని ఆపాడు. మాట్లాడవద్దని సైగ చేశాడు. నా తలను చేత్తో పట్టి అటు తిప్పాడు. తిప్పాక కూడా అయిదు నిమిషాలు నాకేమీ కనిపించలేదు. నా వ్యాసంలో అతను ఒకే ఒక్కచోట, ‘మా గైడు’ అన్న రెండు మాటల్లో ఉన్నాడు. మూడు రోజులు అతనితో తిరిగాను, అతని ఇంట్లో అన్నం తిన్నాను. పేరు మరిచిపోయి రాయకపోవడం కాదు. నేను రాస్తున్న వాక్యంలో అతనికి చోటు లేకపోయింది. ‘నేను చూశాను’ అనే వాక్యం ఎంత నున్నగా ఉంటుందంటే, అందులో రెండో మనిషి కాలు నిలవదు.

ఈ వాక్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తూ పాత పుస్తకాల దగ్గరికి వెళ్లాను. అప్పుడు మళ్లీ చదివిందే ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ రాసిన ‘ది మలయ్ ఆర్కిపెలగో’. ఉష్ణమండలపు అడవులూ పక్షులూ వస్తువుగా వచ్చిన యాత్రా గ్రంథాలలో దీన్ని మించింది నేను చదవలేదు. 1869లో అచ్చయింది. డార్విన్‌కు అంకితం. ఈనాటి ఇండోనేసియా, మలేసియా దీవుల్లో 1854 నుంచి 1862 దాకా, ఎనిమిదేళ్లు, పడవల మీదా కాలినడకనా దాదాపు 14,000 మైళ్లు తిరిగిన మనిషి చెప్పిన కథ అది. జీవపరిణామంలో ప్రకృతివరణం పాత్రను డార్విన్‌తో సంబంధం లేకుండా స్వయంగా కనుక్కొని, 1858లో ఆ దీవుల నుంచే ఆయనకు ఉత్తరం రాసినవాడు వాలెస్. ఈ సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసే ఉంటుంది. కాని ఆ దీవుల్లో ఆయన పొట్టపోసుకున్నది సిద్ధాంతంతో కాదు. పక్షుల చర్మాలూ పురుగులూ లండన్‌కు పంపితే అక్కడ శామ్యూల్ స్టీవెన్స్ అనే ఏజెంటు అమ్మిపెట్టేవాడు. ఆ డబ్బే ఆయనకు ఆధారం.

ఎనిమిదేళ్లలో ఆయన పోగుచేసినవెన్నో పుస్తకం ముందుమాటలో ఉంది. క్షీరదాలు 310, సరీసృపాలు 100, పక్షులు 8,050, గవ్వలు, చిప్పలు 7,500, సీతాకోకచిలుకలూ ఆ జాతివీ 13,100, పేడపురుగుల వంటి గట్టిరెక్కల పురుగులు 83,200, తక్కిన కీటకాలు 13,400. మొత్తం 1,25,660. ఈ పట్టిక దగ్గర చాలామంది పాఠకులు ఆశ్చర్యపడి పేజీ తిప్పేస్తారు. నేను ఆగాను. ఎనిమిదేళ్లంటే మూడు వేల రోజులు కూడా లేవు. జ్వరాలతో పడుకున్న రోజులు, పడవ కోసం ఎదురుచూసిన రోజులు, వానల రోజులు తీసేస్తే ఇంకా తక్కువ. ఒక్క మనిషి చేతులతో ఇంత పని సాధ్యమా?

సాధ్యం కాదని ఆ పుస్తకమే చెబుతుంది. దాచిపెట్టదు. నేను మాట్లాడదలచుకున్నది ఈ విషయమే.

సరవాక్‌లోని సిముంజన్‌లో ఒక బొగ్గుగని కోసం అడవిని నరుకుతున్నారు. పడిపోయిన చెట్ల బెరడు కింద పురుగులు విపరీతంగా దొరుకుతాయి. వాలెస్ అక్కడ నెలల తరబడి మకాం వేశాడు. చెట్లు కొట్టే డయాక్ కూలీలకూ చైనా కూలీలకూ పురుగుకు ఒక సెంటు చొప్పున ఇస్తానన్నాడు. దాదాపు 2,000 రకాల గట్టిరెక్కల పురుగులు ఆ ప్రాంతంలోనే దొరికాయి. అడవి నరికివేత, బొగ్గు, వలస కూలీ, విజ్ఞానశాస్త్రం, ఈ నాలుగూ ఒకే పేజీలో ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడిన దృశ్యం ఇది. ఏ వ్యాఖ్యానమూ చేయకుండా, కేవలం ఖర్చు లెక్క చెప్పినట్టు రాస్తాడు వాలెస్. మన వాస్తవికవాద నవలాకారులు ఇంతకన్న గొప్ప దృశ్యాన్ని ఎందరు చిత్రించారు?

ఆ సరవాక్‌లోనే ఆయన 17 ఒరాంగుటాన్లను చంపాడు. తన తుపాకీకే తల్లి చనిపోయిన ఒక ఒరాంగుటాన్ పిల్లను తెచ్చి, దగ్గర దగ్గర మూడు నెలలు పసిబిడ్డలా సాకాడు. అది చచ్చిపోతే బాధపడ్డాడు. ఈ కాలపు పాఠకుడికి ఇది చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. జలదరించాలి కూడా. కాని ఆయన హత్యనూ మమకారాన్నీ పక్కపక్కనే పెట్టి, రెంటినీ తనవేనని ఒప్పుకున్నాడన్నది గమనించాలి.

ఇప్పుడు అరూ దీవులకు వద్దాం. న్యూగినీకి దగ్గరగా ఉన్న ఈ దీవులకు 1857లో వాలెస్ వెళ్లింది స్వర్గపక్షుల కోసం. యూరపువాళ్లు ఈ పక్షులకు కాళ్లుండవని చాలాకాలం నమ్మారు. ఎప్పుడూ ఆకాశంలోనే ఎగురుతుంటాయనుకున్నారు. కారణం చాలా లౌకికమైనది. వేటాడినవాళ్లు చర్మాలను ఎండబెట్టేటప్పుడు కాళ్లు తీసేసి వర్తకులకు అమ్మేవాళ్లు. 1758లో లినేయస్ పెద్ద స్వర్గపక్షికి పెట్టిన శాస్త్రీయ నామానికి కూడా కాళ్లు లేనిదనే అర్థం. వేటగాడు చేసిన పనిని చూడని కళ్లకు సరుకు దివ్యంగా కనిపించింది. సరుకుల మాయ గురించి మార్క్స్ చెప్పినదానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ తరగతి గదిలో నాకు దొరకలేదు.

ఆ దీవుల్లో వాలెస్‌కు మొదట చేతికి వచ్చిన రాజస్వర్గపక్షి గురించిన పేరాలు చాలా ప్రసిద్ధం. సంకలనాలలో తరచు కనిపిస్తాయి. ఇంత అందం ఎవరూ చూడకుండా ఈ అడవుల్లో తరతరాలుగా పుట్టి గిట్టిపోతున్నదే అని విచారిస్తాడు. నాగరిక మానవుడు ఇక్కడికి వస్తే, ఏ సౌందర్యాన్ని తానొక్కడే ఆస్వాదించగలడో దాన్నే నాశనం చేస్తాడని కూడా అంటాడు. జీవరాశి అంతా మనిషి కోసమే పుట్టలేదని తేలుస్తాడు. 1869 నాటికి ఇది సాహసమైన మాట. కాని సంకలనకర్తలు కత్తిరించి పారేసే వాక్యం ఒకటి ఈ పేరాలకు ముందుంది. ఆ పక్షిని అడవి నుంచి తెచ్చింది వాలెస్ కాదు. బదరూన్ అనే మకస్సర్ కుర్రవాడు. ఆ వాక్యం ఉంటే సౌందర్యతత్త్వం కింద ఒక జీతగాడు కనిపిస్తాడు. అది తీసేస్తే తత్త్వం మాత్రమే మిగులుతుంది.

బదరూన్ కథ అక్కడితో అయిపోలేదు. తరువాత అతను పని మానేశాడు. జూదంలో డబ్బు పోగొట్టుకుని అప్పులపాలయ్యాడు. ఈ అలవాటు అతన్ని బానిసత్వంలోకి దింపుతుందేమోనని రాసి, వాలెస్ ముందుకు సాగిపోతాడు. తప్పంతా కుర్రవాడి స్వభావానిదేనన్న ధోరణి ఆ మాటల్లో ఉంది. అప్పు తీర్చలేని మనిషిని బానిసగా మార్చే వ్యవస్థ మీద ఆయన కోపగించుకోడు. ఇది ఆయన పరిమితి.

‘తానొక్కడే ఆస్వాదించగలడు’ అన్న మాట దగ్గర మరికాస్త నిలబడదాం. వాలెస్ ఆనందంతో ఉబ్బితబ్బిబ్బవుతుంటే అరూ మనుషులకు నవ్వొచ్చిందట. ఇంగ్లండులో మామూలు తోటపిట్టలను ఎంతగా పట్టించుకుంటారో, ‘బురుంగ్ రాజా’ను వాళ్లూ అంతగానే పట్టించుకుంటారని ఆయన అర్థం చేసుకున్నాడు. అలవాటైన దాని మీద ఆరాధన ఉండదనుకోవడం బాటసారి దృష్టి. తెలంగాణ పల్లెలో రైతు ఏడాది పొడుగునా పొలం గట్టు మీద పాలపిట్టను చూస్తూనే ఉంటాడు. దసరానాడు మళ్లీ దాన్ని చూడడానికే ఊరు దాటి వెళతాడు. పైగా ఆ అధ్యాయాల్లోనే వాలెస్‌కు జవాబుంది. పెద్ద స్వర్గపక్షులు ఏ చెట్ల మీద, ఏ వేళకు గుంపుగా చేరి నాట్యమాడతాయో అరూ వేటగాళ్లకు తెలుసు. ఆ చెట్టు మీద ఆకులతో చిన్న గూడు కట్టుకుని తెల్లవారక ముందే అందులో దాక్కుంటారు. బాణం కొసన టీకప్పంత మొద్దు చెక్క ఉంటుంది. నెత్తురు కారి ఈకలు పాడుకాకుండా పక్షి దెబ్బకే పడిపోవాలి గదా. ఇంత నిశితమైన పరిశీలనను ఆస్వాదన కాదనడానికి మనకు హక్కెక్కడిది? వాలెస్ సిద్ధాంతం ఒకటి చెబితే ఆయన కళ్లు చూసిన వివరం దాన్ని తోసిపుచ్చుతుంది. మంచి రచయిత దగ్గర ఇలా జరుగుతుంది. బాల్జాక్ గురించి ఎంగెల్స్ అన్నది విద్యార్థులు గుర్తు చేసుకోవచ్చు.

ఇక అలీ సంగతి. ఈ పుస్తకంలో నాకు అందరికంటే దగ్గరైనవాడు వాలెస్ కాదు, అలీయే. 1855లో సరవాక్‌లో వంటకు కుదిరిన మలయ్ కుర్రవాడు. తుపాకీ కాల్చడం నేర్చాడు, చర్మం ఒలిచి భద్రపరచడం నేర్చాడు, పడవ నడిపాడు, యజమానికి జ్వరమొస్తే సేవచేశాడు. 1858లో బచాన్ దీవిలో ఒకనాడు అడవి నుంచి నడుముకు పిట్టలు వేలాడదీసుకుని వచ్చి, ఇదేదో వింతపిట్టండీ చూడండని ముందుకు చాచాడు. రెక్కల మూపుల దగ్గర జెండాల్లా నిలబడే తెల్లని ఈకలున్న స్వర్గపక్షి అది. అప్పటికి శాస్త్రానికి తెలియనిది. ఆ ఘట్టాన్ని వాలెస్ ఉన్నదున్నట్టు రాశాడు. అలీ వచ్చాడు, చూపాడు అని రాసి, తరువాతి వాక్యానికల్లా కర్తను మార్చేశాడు. తనకు గొప్ప నిధి దొరికిందంటాడు. రెండు వాక్యాల మధ్య ఆస్తి చేతులు మారింది. 1859లో లండన్‌లో జి. ఆర్. గ్రే ఆ పక్షికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు అందులో చేరింది వాలెస్ పేరు.

వాలెస్‌ను కేవలం దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అలీని ఆయన పేరుతోనే పిలిచాడు, పదేపదే తలచుకున్నాడు. 1862లో విడిపోయేటప్పుడు సింగపూరులో ఫోటో తీయించి, డబ్బూ రెండు తుపాకులూ మిగిలిన సామానూ ఇచ్చాడు. నలభై ఏళ్లు దాటాక, 1905లో వచ్చిన ఆత్మకథలో ఆ ఫోటో వేశాడు. 1907లో తెర్నాతెకు వెళ్లిన అమెరికన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు థామస్ బార్బర్‌కు ఒక ముసలాయన ఎదురై తనను అలీ వాలెస్‌గా పరిచయం చేసుకున్నాడట. ఆ పేరులో స్నేహం ఎంత, యజమాని ముద్ర ఎంత? నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇలాంటి రచయిత విషయంలో మనవాళ్లు రెండు తప్పులు చేస్తారు. ఒకటి, తరువాతి కాలంలో ఆయన సోషలిస్టు అయ్యాడు గనక ముందునుంచీ మనవాడేనని నెత్తిన పెట్టుకోవడం. భూమిని జాతీయం చేయాలన్న సంఘానికి 1881లో అధ్యక్షుడైన మాట నిజమే. ‘మలయ్ ఆర్కిపెలగో’ చివరి పేజీల్లో, ఇంత సంపద మధ్య ఇంత దరిద్రాన్ని పెట్టుకున్న ఇంగ్లండును ఆటవిక సమాజాలతో పోల్చి, అసలు అనాగరికత ఎక్కడుందని నిలదీసిన మాటా నిజమే. కాని అదే పుస్తకంలో జావా రైతుల చేత డచ్చి ప్రభుత్వం బలవంతాన కాఫీ, చెరకు పండించుకున్న పద్ధతిని మెచ్చుకున్నాడు. ఆ దోపిడీని బయటపెట్టిన ముల్తాతులి నవల ‘మాక్స్ హావెలార్’ సాగతీతగా ఉందని విసుక్కున్నాడు. రెండో తప్పు దీనికి ఎదురుది. వలసపాలకుల నీడలో తిరిగినవాడు గనక ఆయన రాతంతా సామ్రాజ్యవాద సాహిత్యమని కొట్టిపారేయడం. అలా కొట్టేస్తే అలీ, బదరూన్, సెంటుకో పురుగు తెచ్చిన కూలీలు కూడా దానితోపాటే పోతారు. వాళ్లకు మరో పుస్తకం లేదు.

నాకు విచిత్రంగా తోచేది మరొకటి ఉంది. తుపాకీ పట్టుకుని తిరిగిన వాలెస్ పుస్తకంలో ఇందరు మనుషులున్నారు. దుర్భిణి పట్టుకుని, ఒక్క ఈకను కూడా ముట్టకుండా తిరిగే మన కాలపు పక్షిప్రియుల రచనల్లో మనుషులు కనపడరెందుకు? నాకు తోచిన కారణం ఇది. వాలెస్‌కు అడవి పని చేసే చోటు. అక్కడ జీతం మాట్లాడుకోవాలి, బేరమాడాలి, పడవవాడితో తగాదా పడాలి, బియ్యం అయిపోతే అడుక్కోవాలి. అందువల్ల శ్రమ ఆయన వాక్యంలోకి వద్దన్నా వచ్చి పడుతుంది. ఇవాళ్టి యాత్రికుడు అన్నిటికీ కలిపి ఒకేసారి డబ్బు కట్టేస్తాడు. వండేవాడి కూలీ, దారి కొట్టేవాడి కూలీ, పక్షిని కనిపెట్టే చూపు విలువ, అన్నీ ఆ మొత్తంలో కలిసిపోయి మాయమవుతాయి. పశ్చిమ పాపువాలోని రాజా అంపట్ దీవుల్లో ఎర్ర స్వర్గపక్షి నాట్యం చూడడానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. చీకటితో లేపి, టార్చిలైటు పట్టుకుని, ఏ చెట్టు కింద ఎప్పుడు నిలబడాలో చెప్పేది అక్కడి ఊరివాళ్లే. ఆ నైపుణ్యం వాళ్ల తాతల వేట నుంచి వచ్చింది. యాత్రికుడి జాబితాలో మాత్రం పక్షి పేరూ, తేదీ, ‘నేను’ ఉంటాయి. హింస తగ్గింది, సంతోషమే. దానితోపాటు రచనలోంచి మనిషి కూడా తగ్గిపోయాడు.

మనిషి లేకుండా అడవిని రాస్తే, అడవికి వచ్చిన ఆపద కూడా రాయలేం. అలీ చూపిన ఆ జెండా రెక్కల పక్షి హల్మహేరా దీవిలోనూ ఉంటుంది. ఆ దీవిలోని వేదా బే తీరాన 2018 నుంచి నికెల్ పరిశ్రమల కేంద్రం లేచింది. దాని వెనక అడవుల్లో గనులు. బయటి ప్రపంచంతో పొత్తు లేకుండా అడవిలోనే బతికే హోంగానా మన్యావా ప్రజల నేల అది. అక్కడి పక్షి అందాన్ని మాత్రమే వర్ణించి తిరిగివచ్చే వ్యాసం ఏం చెప్పినట్టు? నాగరికుడు వచ్చి నాశనం చేస్తాడని వాలెస్ అన్న మాటను తలచుకుని నిట్టూరుస్తారు. సిముంజన్ బొగ్గుగని పేజీని ఎవరూ తలచుకోరు.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి ముచ్చట అనుకునేవారికి కలివికోడి గురించి చెప్పాలి. ఈ పక్షికి ఇంగ్లీషువాళ్లు జెర్డాన్ పేరు పెట్టుకున్నారు. జెర్డాన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. నెల్లూరులో పనిచేసిన రోజుల్లో అడవి ప్రాణుల గురించి యానాదులను అడిగి తెలుసుకున్నవాడు. ఈ పక్షి శాస్త్రానికి పరిచయమైంది 1848లో. 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తర్వాత ఇక అంతరించిపోయిందని అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల అంచున, రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెదికిన పరిశోధకుడు భరత్ భూషణ్. రాత్రివేళ టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. పట్టుబడిన ఆ పక్షి కొద్ది రోజులకే చనిపోయింది.

86 ఏళ్లు ఎవరికీ కనిపించలేదని పుస్తకాలు రాస్తాయి. ఎవరికి? కలివి పొదల్లో తిరిగేది గనక కలివికోడి అని తెలుగులో దానికి పేరుంది. పేరుందంటే, చూసినవాళ్లు ఉన్నారనే గదా అర్థం! రాత్రిపూట తిరిగే పక్షి అది. రాత్రిపూట అడవిలో తిరిగేవాళ్లకు తెలుసు. వాళ్లను అడిగిన రోజున దొరికింది. ఈ కథను తెలుగులో ఐతన్న వైపు నుంచి రాసిన యాత్రా వ్యాసం గాని, కథ గాని నా కంటపడలేదు.

ఈ మధ్య ఒక సంకలనంలో వేసుకుంటామని, నా పాత మారేడుమిల్లి వ్యాసం అడిగారు. ‘మా గైడు’ అన్నచోట అతని పేరు పెట్టి ఇచ్చేద్దామని కూచున్నాను. పేరు పెట్టాక దాని కింది వాక్యం నిలవలేదు. నేను చూశానన్న మాట అబద్ధమైపోయింది. దాన్ని మారిస్తే ఆ కిందిది పడిపోయింది. నా గుండె కొట్టుకున్న పేజీ మొత్తం పోయింది. ఆ స్థానంలో అతను ఏ చప్పుడు విని ఆగాడో, ఆకుల్లో ఏం చూసి గుర్తుపట్టాడో రాయాలి. అవేవీ నేను ఆనాడు అడగలేదు. ఆ పిట్టను వాళ్లు ఏమని పిలుస్తారో కూడా అడగలేదు. సంకలనం వాళ్లకు గడువు కావాలని ఉత్తరం రాశాను. ఈ చలికాలంలో మళ్లీ వెళ్లాలి.